తోడేలు దొర పొట్టలో

నేను పులిని. గొప్పకి చెబుతున్న మాట కాదు. అమ్మవారి పండగ వస్తే మా పేటలో ఒళ్ళంతా పసుపు రంగూ నల్ల చారలూ పూయించుకుని డప్పుల ముందు గెంతేవాళ్ళలో నేనొకణ్ణి. మిగతా రోజుల్లో ఫిషింగ్ హార్బర్ పక్కన ఐసు ఫ్యాక్టరీలో పని. ఐసు దిమ్మల్ని మిషన్లో వేసి పొడి చేసి బోట్లకి ఎక్కిస్తుంటాం. చల్లగా నీడపట్టున పనిచేసుకునేవాడికి మండే ఎండలో రంగు పూసుకుని గెంతడం ఎందుకయ్యా అని అడిగినవాళ్ళు చాలామంది. ఏం చెప్పను? మా మామ అంటించిన జబ్బు అది. ఆయన మా అమ్మకి తమ్ముడు, తర్వాత నాకు పిల్లనిచ్చిన మామ కూడా అయ్యాడు. పులివేషంలో మా పేట మొత్తానికి ఆయనే గురువు.

ఆ పులిని పట్టుకుపోయి తోడేలుని చేసినవాళ్ళు సినిమావాళ్ళు.

పండగనాడు జనంలో నిలబడి నన్ను చూసిన ప్రొడక్షన్ మేనేజరు ఒకాయన మర్నాడే ఫ్యాక్టరీకి వచ్చాడు. నేనింకా కిరసనాయిలు కంపు కొడుతున్నాను. ఆ రంగు పోవాలంటే కిరసనాయిలు రాసి తోముకోవడం తప్ప మాకు వేరే దారి లేదు. "నాలుగు కాళ్ళ మీద నడిచే మనిషి కావాలి, మీలా ఎవరూ నడవట్లేదు" అన్నాడాయన. ఇంత వయసొచ్చాక నా నడక గురించి ఎవరైనా మంచిమాట అనడం అదే మొదలు. ఒప్పేసుకున్నాను.

కథ ఇదీ. తెల్లవాళ్ళ కాలం. విశాఖపట్నం రేవులో సుంకం వసూలు చేసే ఒక దొర వేటకని కొండల్లోకి వెళితే ఏదో కరుస్తుంది. అప్పట్నించి నిండు పున్నమి వచ్చిందంటే ఆయన తోడేలైపోతాడు. ఆ సంగతి బయటపడకుండా దాచేది ఆయన వంటవాడు, మా వాడే, గంగపుత్రుడు. తోడేలు రెచ్చిపోయినప్పుడల్లా దాని ముక్కు దగ్గర ఎండు నెత్తళ్ళ చేపలు పెడతాడు. అది తుమ్ముకుంటూ సోఫా కిందికి దూరుతుంది. జనం భయపడాలి, భయపడినందుకు నవ్వుకోవాలి. డైరెక్టరు నాకు అలాగే వివరించాడు. బొద్దుగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండే మనిషి. అందర్నీ బ్రదర్ అంటాడు.

దొర వేషానికి ముంబయి నుంచి ఒక తెల్లటి కుర్రాణ్ణి తెచ్చారు. మనిషిగా ఉన్నంతసేపూ దొర అతనే. కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని సూపు తాగుతాడు. ఒంటి మీద బొచ్చు మొలవగానే అతను వెళ్ళి ఏసీ వ్యాన్లో పడుకుంటాడు, నేను వస్తాను. మనిషి వాడు, మృగం నేను. ఈ పంపకం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. మొదట్లో నాకూ తోచలేదు. తోడేలు తలలో దూరాక తీరిగ్గా ఆలోచించుకునే వీలు దొరికింది, అప్పుడు తోచింది.

తోడేలు ఎలా నడుస్తుందో నాకు తెలియదు. జూకి వెళ్ళి చూసి రమ్మన్నారు. వెళ్ళాను. అది ఒక మూల పడుకుని ఉంది. ఎంతసేపు నిలబడినా లేవలేదు, ఒకసారి నా వంక చూసి ఆవలించింది. నడకకి బదులు ఆవలింత నేర్చుకుని వచ్చాను. రిహార్సల్లో నేను నాలుగడుగులు వేయగానే డైరెక్టరు తల పట్టుకున్నాడు. "బ్రదర్, ఇది పులి కాదు. తోడేలు నడుము ఊపదు." చిన్నప్పట్నించీ డప్పుకి ఊగిన నడుము. ఊపొద్దంటే ఆగుతుందా? ఆపడానికి నా నడుం చుట్టూ ఒక తువ్వాలు బిగించి కట్టారు.

షూటింగు వన్‌టౌన్‌లో సముద్రం వైపున్న ఒక పాత ఎర్ర బంగళాలో. కథంతా రాత్రిళ్ళు జరుగుతుంది గానీ తీసేది పగలే. కిటికీలన్నింటికీ నల్లగుడ్డలు కొట్టేసి, నీలం లైటొకటి పెట్టి, అదే వెన్నెల అన్నారు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల మాకు పున్నమి రాత్రి. గాలి అన్నది లేదు. ఫ్యాను వేస్తే చప్పుడు రికార్డవుతుందని అదీ ఆపేశారు.

ఇక ఆ తోడేలు ఒళ్ళు. రబ్బరు తొడుగు, దాని మీద అంటించిన బొచ్చు, బొచ్చు మీద చిరిగిన దొర కోటు. తల విడిగా ఉంటుంది. తొడిగాక మెడ చుట్టూ జిగురుతో అతికిస్తారు, అతికింపు కనబడకుండా మళ్ళీ బొచ్చు అంటిస్తారు. జిప్పు పొట్ట మీద, కోటు కింద. నాకు కళ్ళున్నచోట తోడేలుకి కళ్ళు లేవు. దాని ముక్కు రంధ్రాల్లోంచి నేను చూడాలి. అందులోంచి లోకం రెండు రూపాయి బిళ్ళలంత కనబడుతుంది. మనిషి కాలు కనబడితే మొహం కనబడదు, మొహం చూద్దామంటే కాళ్ళు మాయం. లోపల జిగురు కంపు, రబ్బరు కంపు, కాసేపయ్యాక నా కంపు. ఒకసారి అతికించాక సాయంత్రం దాకా తీసేది లేదు. తీసి మళ్ళీ అతికించాలంటే సగం పూట పోతుంది. దాహం వేస్తే ముక్కు రంధ్రంలోంచి గొట్టం పెట్టి నీళ్ళు పట్టేవారు. అదీ వాళ్ళకి గుర్తొస్తేనే.

అడగొచ్చు కదా, నోరు లేదా అంటారు. అక్కడే వచ్చింది చిక్కు.

మా పులివేషానికి ఒక కట్టుబాటుంది. రంగు పూయడం మొదలైంది లగాయతు, అమ్మవారి గుడిముందు సాగిలపడి లేచేదాకా పులి మనిషి మాట మాట్లాడకూడదు. నవ్వకూడదు, తిట్టకూడదు, అమ్మా అని మూలగనూ కూడదు. మాట్లాడితే వేషం అలుగుతుందని మామ అంటాడు. అలిగితే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పనందువల్లే మాకు ఎక్కువ భయం. మరి దాహం వేసినా కళ్ళు తిరిగినా ఎలా? దానికి సైగలున్నాయి. పులి నడుముకి కట్టిన తాడు పట్టుకుని వెనక ఒకడు నడుస్తుంటాడు. జనం అనుకుంటారు, పులి మీద పడకుండా వాడు ఆపుతున్నాడని. వాడి అసలు పని అది కాదు. పులి కుడి అరచేత్తో నేలని మూడుసార్లు కొడితే, ఇంక నా వల్ల కాదు, ఆపించు అని. వాడు వెంటనే డప్పులు ఆపిస్తాడు. నాకు మీసం రాకముందు మొదలుపెట్టాను ఈ వేషం. ఇన్నేళ్ళలో వేషం మీద ఒక్క మాట జారలేదు. నమ్మకమా అంటే పూర్తిగా నమ్మకం అని చెప్పలేను. వేషం ఒంటి మీదికి రాగానే గొంతు దానంతటదే మూసుకుపోతుంది.

రబ్బరు వేషానికి ఈ నియమం లేదని నా తలకి తెలుసు. గొంతుకి తెలియదు.

మొదటిరోజు మధ్యాహ్నం వంటవాణ్ణి తరుముకుంటూ వరండా అంతా పరిగెత్తే షాట్. కాసేపటికి నాకు ఊపిరి అందడం మానేసింది. కళ్ళముందు మిణుగురులు. ఆగి, కుడి అరచేత్తో నేలని మూడుసార్లు కొట్టాను.

"అబ్బ! ఏం చేశావ్ బ్రదర్! ఇదీ తోడేలంటే!" అని కేక పెట్టాడు డైరెక్టరు. "అది మళ్ళీ చెయ్. ఈసారి ఇంకా గట్టిగా."

మళ్ళీ కొట్టాను. ఈసారి నటన కాదు, ప్రాణభయం. వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మూడోసారి క్లోజప్ అన్నారు. నేను చచ్చిపోతున్నానని తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు, నేను చెబుతున్న భాష అక్కడ ఒక్కడికీ రాదు. చివరికి పక్కకి ఒరిగిపోతే, తోడేలు చచ్చిపోయే సీను కథలో లేదే అని ఎవరో అన్నారు. అప్పుడు మేకప్పాయన వచ్చి జిప్పు లాగాడు. కంగారులో లాగితే బొచ్చు పళ్ళలో ఇరుక్కుని జిప్పు కాస్తా ఊడిపోయింది. మర్నాటినుంచి పొట్ట మీద పెద్ద పెద్ద కుట్లు వేసి మూసేసేవారు, సాయంత్రం కత్తెరతో కోసేవారు. రోజూ పొద్దున్నే నన్ను బతికుండగా కుట్టేస్తున్నారన్నమాట. ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆ రాత్రి దుప్పటి ముఖం మీదికి రాగానే ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను.

ఇంత చెప్పి మా అమ్మాయి సంగతి చెప్పకపోతే ఇదంతా ఉత్త సినిమా కబురే అవుతుంది.

మా పాప రెండో తరగతి. దానికి నేనంటే ప్రాణం, పండగ రోజుల్లో తప్ప. అది ఇంకా పాకే వయసులో ఒకసారి పులివేషంతోనే మా గడపలోకి వచ్చాను. వేషం కట్టినవాడు సొంత గడప దగ్గర హారతి తీసుకోవడం మాకు ఆనవాయితీ. నన్ను చూసి అది పెట్టిన కేకకి జ్వరం వచ్చింది. అప్పట్నించి పండగ వస్తే దాన్ని కంచరపాలెంలో మా ఆవిడ అక్క ఇంటికి పంపేస్తాం. పండగైపోయి తిరిగొచ్చాక కూడా నా దగ్గరికి రాదు. కిరసనాయిలు వాసన పోయేదాకా దూరంగా నిలబడి నా చేతుల వంక చూస్తుంది, చారలు ఇంకా ఉన్నాయేమో అని. నా పక్కన కూర్చుని అన్నం తినదు. పదిమందిలో పులిలా గెంతే మగాణ్ణి, కన్నకూతురు నన్ను చూసి గోడకి నక్కుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు, ఏడ్చాను కూడా.

మా ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. ఆమె చేపలమ్ముతుంది, బేరాల్లో ఆరితేరిన మనిషి, ఇంట్లో కూడా ఏదైనా తేల్చి పారేస్తుంది.

"మావా, గుంటకి బయం పోవాలంటే ఏసం కట్టీటప్పుడు సూపించాల. పులి రంగు గుడికాడ పూత్తారు, ఆడపిల్లని రానివ్వరు. ఈ సినిమా ఏసానికి ఏటి అడ్డం? పొద్దున్నే తీసుకొత్తాను. నీకు తొడుగుతుంటే ఎదురుగా కూకోబెట్టు. లోపలున్నాది నాన్నే అని కళ్ళారా సూత్తాది."

ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళు నాకెందుకు తట్టలేదో. ఆ సినిమాలో నాకు దక్కే అసలు లాభం ఇదేననిపించింది. మేకప్పాయనకి ముందురోజే చెప్పాను. ఆయన మంచివాడు, తీసుకురండి అన్నాడు. ఆ రాత్రి పాపకి కూడా చెప్పాం. "తోడేలు బొమ్మ ఉంది, దాని లోపలికి నాన్న దూరతాడు, సూత్తావా?" అంది మా ఆవిడ. అది నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది, చాలాసేపు ఆలోచించి తల ఊపింది. ఆ తల ఊపు కోసం నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మర్నాడు వాళ్ళు రాలేదు. వేళకి రాలేదని అర్థం. పోర్టు లారీలు అడ్డంపడి రోడ్డంతా బిగిసిపోయిందట, ఆటో కదల్లేదు. నేను కాళ్ళకి తొడిగించుకుని కూర్చున్నాను, చేతులకి తొడిగించుకుని కూర్చున్నాను. తల మాత్రం కాసేపు ఆపమన్నాను. అసిస్టెంట్ డైరెక్టరు వచ్చి గడియారం చూపించాడు. మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని తిరిగే సన్నటి కుర్రాడు, ఎప్పుడూ ఎవరో తనని తిడతారన్న కంగారులో ఉంటాడు. చేసేదేం లేక తల వంచాను. తొడిగారు, అతికించారు, పొట్ట కుట్టేశారు. నా గొంతు మూసుకుపోయింది.

అప్పుడొచ్చారు వాళ్ళు. గుమ్మం అవతల మా ఆవిడ గొంతు వినబడింది.

"బాబూ, ఆళ్ళ నాన్న ఇక్కడే ఉన్నాడు కదా, ఈ గుంటని అప్పసెప్పండి. గంపలో సేపలున్నాయి, ఎండెక్కితే పోతాయి, నాను బజారుకెళ్ళాల."

"పాప భలే ఉందండీ, కళ్ళెంత పెద్దవో! చిన్న షాట్‌లో కూర్చోబెట్టమంటారా?" అన్నాడు అసిస్టెంటు.

"అయ్యో, సినిమాలోకే! కూకోబెట్టండి, కూకోబెట్టండి" అని మురిసిపోతూ ఆవిడ వెళ్ళిపోయింది. మొగుడు లోపలే ఉన్నాడు, పిల్లని చూసుకుంటాడన్న ధీమా ఆవిడది. తప్పు పట్టలేను.

ఆ రోజు తీయాల్సిన సీను ఇది. వంటవాడి కూతురు బల్ల కింద దాక్కుంటుంది. తోడేలు వాసన పట్టుకుంటూ వచ్చి బల్లగుడ్డ ఎత్తి చూస్తుంది. పిల్ల భయపడాలి. దానికోసం తెచ్చిన పిల్ల కెమెరా చూసి చక్కగా నవ్వుతోందట, ఎంత చెప్పినా భయపడ్డం రావట్లేదట. ఇంతలో మా పాప దొరికింది. దానికి పరికిణీ కట్టి, జుట్టు చెదరగొట్టి, బల్ల కింద కూర్చోబెట్టారు. నేను నడవాలో నల్లతెర వెనక నాలుగు కాళ్ళ మీద సిద్ధంగా ఉన్నాను. ప్రతి మాటా వినబడుతోంది.

"మా నాన్నేడీ?" అంది పాప.

"టీ తాగడానికి వెళ్ళారమ్మా, వచ్చేస్తారు" అన్నాడు అసిస్టెంటు.

"తోడేలు బొమ్మలోకి నాన్న దూరతాడని అమ్మ సెప్పినాది."

"బొమ్మా? బొమ్మ పాడైపోయింది. ఇది నిజం తోడేలు. ట్రైనింగ్ ఇచ్చారులే. నువ్వు కదలకుండా కూర్చుంటే ఏమీ చెయ్యదు. కదిలావనుకో..."

ఆ కుర్రాడు ఆ మాట అక్కడ ఆపేశాడు. మా మామలాగే వీడికీ తెలుసు, చెప్పకుండా వదిలేస్తే భయం ఎక్కువని.

నా ఒళ్ళు మండిపోయింది. తెర చింపుకుని వెళ్ళి వాడి పీక పట్టుకోవాలనిపించింది. అరవడానికి నోరు తెరిచాను. రాలేదు. నిజంగానే రాలేదు. కుడి అరచేత్తో నేలని మూడుసార్లు కొట్టాను. ఆపండర్రా. ఇంకా గట్టిగా కొట్టాను. చెయ్యి చితికిందేమో అనిపించింది.

"బ్రదర్ మూడ్‌లో ఉన్నాడు! కెమెరా రోల్ చెయ్యండి, రోల్ చెయ్యండి!" అన్నాడు డైరెక్టరు అవతలనుంచి. తెర తీసేశారు.

గదంతా నీలం వెన్నెల. ముక్కు రంధ్రాల్లోంచి వెతుక్కుంటూ వెళ్ళాను. బల్ల కోడు కనబడింది. బల్లగుడ్డ అంచు కనబడింది. నేను ఆగిపోతే సరిపోయేది కదా అని ఇప్పుడనిపిస్తుంది. ఆగలేదు, ఎందుకంటే నాకు సినిమా కనబడ్డం లేదు, నా కూతురు దగ్గరికి వెళ్ళాలన్నది ఒక్కటే తెలుసు. కానీ నేను దగ్గరయ్యే కొద్దీ దానికి దగ్గరయ్యేది తోడేలు. బల్లగుడ్డ ఎత్తాను.

ఒక కన్ను. వణుకుతున్న పెదవి. తల దించితే పరికిణీ, పరికిణీ కింద తడిసిన నేల. కదిలితే ఏమవుతుందో అని కూర్చున్నచోటే పోసుకుంది నా తల్లి. వెనక గోడ, రెండు పక్కలా బల్లకోళ్ళు, ముందు నేను. దానికీ దారిలేదు, నాకూ లేదు. కేక కూడా పెట్టడం లేదు అది. కేక పెట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణేమో.

వేషం అలిగితే అలగనీ అనుకున్నాను. అమ్మవారు ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

"తల్లీ" అన్నాను. "నానేనమ్మా. నాన్నని."

వేషం కట్టిన ఒంటిలోంచి నేను మాట్లాడిన మొదటి మాట అది. అయితే తోడేలు మూతి బిగించి ఉంది, మెడ అతికించి ఉంది. నా నోటికెదురుగా మాట పోవడానికి దారి లేదు. రబ్బరులోపలే కిందికి జారి, పొట్ట దగ్గర కుట్ల సందుల్లోంచి బయటికొచ్చింది. అది పాప మొహంలో తెలిసింది నాకు. దాని చూపు తోడేలు మూతి మీదనుంచి మెల్లగా పొట్ట మీదికి దిగింది.

"నాన్నా?" అంది పొట్టతో. "నాన్నా! నిన్ను మింగేసినాదేటి?"

మీరు నవ్వండి, తప్పులేదు. ఆ గదిలో కూడా ఎవరో కిసుక్కుమన్నారు. కానీ చేపల బజార్లో పెరిగిన పిల్లకి అందులో నవ్వులాట ఏమీ లేదు. ఆదివారాలు వాళ్ళమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. పెద్ద వంజరం పొట్ట చీరితే లోపల చిన్న కవ్వచేపలు చెక్కుచెదరకుండా, కళ్ళు మెరుస్తూ బయటపడ్డం ఎన్నిసార్లు చూసిందో. మింగినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు, త్వరగా కోస్తే చాలు. దాని లెక్క అది.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు, నాకున్న చూపు అంతే. ఇందాకటిదాకా కదలని పిల్ల బల్ల కిందనుంచి నా మీదికి దూకింది. నేను వెనక్కి పడ్డాను. నా పొట్ట మీద ఎక్కి కూర్చుంది. "కత్తిపీట తెండి! ఎవురైనా కత్తిపీట తెండి! మా నాన్న లోపలున్నాడు!" అని గొంతు చించుకుంది. ఎవరూ తేలేదు. గోళ్ళతో బొచ్చు పీకింది. కోటు గుండీలు తెంపింది. అసిస్టెంటు కంగారుగా వచ్చి రెక్క పట్టుకుని లాగబోతే వాడి చెయ్యి కొరికింది. ఆ సినిమా మొత్తంలో నిజంగా కరవడమంటూ జరిగింది అదొక్కటే. తర్వాత కుట్లు దాని చేతికి తగిలాయి. పంటితో పట్టుకుని లాగింది. ఒకటి తెగింది. ఇంకొకటి తెగింది.

"నాన్నా, పలుకు! పలుకుతా ఉండు!"

"ఉన్నానమ్మా, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను" అంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాటగా వస్తున్నాయి. చిరుగులోంచి చల్లటి గాలి నా బనీనుకి తగిలింది. ఆ వెనకే ఒక చిన్న చెయ్యి లోపలికొచ్చి, తడిసిన బనీను గుప్పెట పట్టుకుంది. నేను తోడేలు చేతిలోంచి నా చెయ్యి లాక్కుని ఆ సందులోంచి బయటికి తోశాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాళ్ళు నా తొడకి తన్నిపెట్టి లాగడం మొదలుపెట్టింది. దాని బలమెంత, దాని ఎత్తెంత! అయినా నా భుజం కదిలింది.

పులిని చూసి గోడకి నక్కే పిల్ల, నన్ను తీసుకుపోవడానికి తోడేలు పొట్టలో చెయ్యిపెట్టింది. నేను లోపల వెక్కివెక్కి ఏడ్చాను. తోడేలు ఏడ్వడం లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మేకప్పాయన పరిగెత్తుకొచ్చి మెడ దగ్గర కత్తెర పెట్టాడు. తల ఊడివచ్చింది. పాప నా మొహం చూసి ఆగింది. ముందు నా జుట్టు ముట్టుకుంది, తర్వాత చెవులు, తర్వాత గడ్డం. అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత కింద ఇంకా బొచ్చులోనే ఉన్న నా నడుం కేసి భయం భయంగా చూసింది.

"కాళ్ళున్నాయా, అరిగిపోనాయా?"

"ఉన్నాయమ్మా."

"సూపించు."

చూపించాక గానీ ఊరుకోలేదు. వేళ్ళు కూడా లెక్కపెట్టింది.

డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళో, ఇంకేవో, నాకు తెలియదు. "బ్రదర్, బంగారం ఇది, బంగారం! ఇంకో యాంగిల్‌లో ఒక్కసారి..." అన్నాడు. నేను నడుం దాకా తోడేలుని, నడుం పైన మనిషిని, అలాగే లేచి ఆయన మీదికి వెళ్ళాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అది మా హార్బర్ భాష, అచ్చుకి పనికిరాదు. చెయ్యి మాత్రం చేసుకోలేదు. ఆ పాటికి నోరు బాగా తెరుచుకుంది కాబట్టి చేతి అవసరం రాలేదు. మిగతా సీన్లకి వేరేవాణ్ణి చూసుకున్నారని తర్వాత తెలిసింది. వాడు నడుము ఊపకుండా నడిచాడట.

ఎండ వాలాక ఆటో ఎక్కాం. నా లుంగీ, నా చొక్కా, మెడ మీద ఇంకా జిగురు. పాపని పక్కన కూర్చోబెడితే లేచి ఒళ్ళో కూర్చుంది. పోర్టు గోడ పక్కనించి పోతున్నాం. వేషంలో మాట్లాడానని మామకి చెప్పాలి. వచ్చే పండక్కి రంగు పూస్తాడో, గుమ్మం బయటే నిలబెడతాడో తెలియదు. దాని గురించే ఆలోచిస్తున్నాను. నిజం తోడేలన్నది ఉత్తదనీ, రబ్బరనీ, అసిస్టెంటు అబద్ధమాడాడనీ అప్పటికి రెండుసార్లు చెప్పాను. వింది, తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

"నాన్నా, లోపల సీకటిగా ఉన్నాదా?" అంది కాసేపటికి.

"ఉన్నాదమ్మా."

"ఊపిరాడిందా?"

"సరిగా ఆడనేదు."

"ఏడ్సేవా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆటోవాడు అద్దంలో చూస్తున్నాడు కూడా.

"ఏడ్సేను" అన్నాను.

అది నా మెడ మీద జిగురు గీకుతూ కూర్చుంది. గీకి గీకి, మా వీధి మలుపు దగ్గర ఆపి, నా మొహంలోకి చూసింది.

"మరి నన్ను ముందే ఎందుకు పిలవనేదు?"

ఆటో ఆగింది. ఆటోవాడు దిగమంటున్నాడు. నేను దాన్ని ఎత్తుకుని అలాగే కూర్చున్నాను.